పదకొండో నాటి నీళ్లు

ధర్మవరం,
14 నవంబరు 2025

చిరంజీవి సౌభాగ్యవతి హరితకు,

మీ మామ వెంకటేశులు దీవించి రాయునది. ఇక్కడ నేను, మీ అత్త, గణేష్ క్షేమం. నీ అయిదు బంగారు చేపలూ క్షేమం. పెనుకొండలో నువ్వు, చంటిది, వియ్యంకులవారు బాగున్నారని తలుస్తాను. మనవరాలు పాలకు ఊరు లేచిపోయేలా ఏడుస్తోందట కదా. అచ్చం గణేష్ పోలికే, అనుభవించు.

ఫోను ఉండగా ఉత్తరమేమిటి అనుకుంటావు. నేను ఫోను పట్టుకుంటే మీ అత్త పక్కనే నిలబడి నా మాటలకు తన మాటలు అతికిస్తుంది. అత్త తొట్టి నీళ్లు మార్చిందని, చేపలు నలతగా ఉన్నాయని గణేష్ నీకు చెప్పాడట. సగమే తెలిసి బాలింతవు దిగులు పెట్టుకుంటావని రాస్తున్నాను.

కాన్పుకు పోయేటప్పుడు తొట్టి నాకు అప్పగించి, మామా మీరైతే మరిచిపోరు అన్నావు. మరవలేదు తల్లీ. రోజూ మగ్గం గుంటలోకి దిగేముందు చిటికెడు మేత వేసేవాణ్ణి. నన్ను చూస్తే చాలు, అద్దం దగ్గరకు గుంపుగా వచ్చేవి.

పదకొండో రోజు పురుడు కడుక్కున్నాం. ఆ రోజు ఇంట్లో నిలవ నీళ్లు చుక్క మిగలకూడదని మన ఆచారం. కడవలు, డ్రమ్ములు, పూజగదిలో చెంబు, అన్నీ పారబోసి తోమి కొత్త నీళ్లు పట్టాలి. తొట్టిలో ఉన్నవీ నీళ్లే కదా! మీ అత్త చేపలను బకెట్లోకి తీసి, ఆ నీళ్లన్నీ తోడి కాలువలో పోసింది. రాళ్లను, పంపులోని నల్ల స్పాంజిని సబ్బుతో రుద్ది కడిగి, అప్పుడే వచ్చిన కొళాయి నీళ్లు నింపింది. తొట్టి తళతళలాడింది. అందరికీ సంబరమే.

సాయంత్రానికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచి ఎగశ్వాస పడుతున్నాయి. మరుసటి పొద్దునకు పెద్దది ఒక పక్కకు ఒరిగిపోయింది. పురుడు కడిగిన ఇంట్లో చావు చూడాల్నా అని మీ అత్త ఒకటే ఏడుపు. నాకు నీ మొహమే కళ్లముందు. నువ్వొచ్చి అడిగితే ఏమని చెప్పేది?

మగ్గం ఆపి హిందూపురం రైలెక్కాను. నువ్వు చేపలు కొన్న అంగడి సంతోష్ అంతా విని తల పట్టుకున్నాడు. ఏమబ్బా పెద్దాయనా, చేపల్ని కాపాడేది ఆ పాచే, దాన్నే సబ్బేసి కడిగేస్తే ఎట్లబ్బా అన్నాడు. నీళ్లలో చెడును తినే సూక్ష్మజీవులు ఆ స్పాంజిలో, రాళ్లలో కాపురముంటాయట. కొళాయి నీళ్లలో కలిపే మందు చేపలకు పడదట. తన తొట్టిలోని పాత స్పాంజిని కడగకుండా, నీళ్లున్న టిఫిన్ డబ్బాలో పెట్టిచ్చాడు. ఒక రోజు నిలవపెట్టిన నీళ్లతో రోజూ పావువంతే మార్చాలని, రెండు రోజులు మేత ఆపి తర్వాత కొంచెమే వేయాలని, గాలి పంపు మాత్రం ఆపొద్దని పదిసార్లు చెప్పాడు. డబ్బా ఒళ్లో పెట్టుకుని వస్తుంటే రైల్లో ఒకామె, ఏం కూర సామీ అది, వాసనొస్తాండాది అని ముక్కు మూసుకుంది. మందు తల్లీ అన్నాను.

ఇప్పుడు మనింట్లో నిలవ నీళ్లకు మహా మర్యాద. తొట్టికని పట్టిన బకెట్ దగ్గరకు మీ అత్త గణేష్‌ను కూడా రానివ్వడం లేదు. వారానికి పెద్దది ఒరగకుండా తిన్నగా ఈదింది. నిన్నటి నుంచి అయిదూ మేతకు కొట్లాడుకుంటున్నాయి. చూస్తుంటే కడుపు నిండిపోతోంది.

మూడో నెల రాగానే పాపను తీసుకుని వచ్చేయ్.

ఇట్లు,
మీ మామ
వెంకటేశులు

తా.క. పైన నీళ్లు పారబోసింది మీ అత్త అని రాశాను. అది అబద్ధం. తోడి పోసింది, సబ్బుతో రుద్దింది నేనే. దాంట్లో జీవాలుండాయి, వద్దు అని ఆమె రెండుసార్లు చెప్పింది. ఆచారం నాకు నేర్పుతావా అని కసిరాను. గణేష్ నీకు ఫోను చేసేటప్పుడు, నేనే పారబోసినానని చెప్పప్పా అని ఆమే అడ్డం వచ్చింది. ఎందుకే అంటే, నా మీద కోపమొస్తే నాలుగు దినాలకు పోతాది, నీ మీద నమ్మకం పోతే మళ్లా రాదు అంది. పైదంతా ఆమెకు చదివి వినిపించాను, ఈ నాలుగు ముక్కలు పోస్టాఫీసులో నిలబడి రాస్తున్నాను. నువ్వొచ్చి అడిగినా ఆమె తానే పోశానంటుంది. నమ్మొద్దమ్మా.