రంగు డబ్బాకు బదులు కేబుల్

ఒరే సన్యాసీ,

టూరిస్టులను తిప్పే నీ జెట్ స్కీకి విశాఖ నుంచి కొత్త స్టీరింగ్ కేబుల్ తెస్తానని నీ బావమరిది నీకు మాటిచ్చాడు. తెచ్చింది ఎర్రరంగు డబ్బా, పులిబొమ్మ స్టిక్కర్లు. టూరిస్టులకు కనబడేది అదేనన్నాడు. జలాశయం మధ్య హ్యాండిల్ బిగుసుకుపోయి నువ్వు బండరాళ్ళను గుద్దుకుని పోయిన రోజు కూడా ఆ స్టిక్కర్లు మెరుస్తూనే ఉన్నాయి.

ఇవాళ మళ్ళీ ఆ రోజే. ఇన్నేళ్ళు షెడ్డులో పడున్న నీ జెట్ స్కీని విప్పుకుని కూర్చున్నాను. రేపట్నుంచి నీ కూతురు గౌరి దాని మీద నిలబడి నడుపుతుందట. వద్దంటే వినదు, నీ రక్తమే కదా. పాత కేబుల్ తొడుగులోనే తుప్పుపట్టి అతుక్కుపోయింది. లాగితే సగంలో తెగింది. కొత్తది మేలురకం, లావుపాటిది. పాత రంధ్రంలో పట్టదు. ఆకురాయితో రుద్ది రుద్ది చేతులు బొబ్బలెక్కాయి. ఇన్ని పుస్తకాలు చదివాను, ఓపిక మాత్రం రాలేదు.

నీ బావమరిది ఏటా లాగే ఒడ్డున గంగమ్మకు కోడిని కోయడానికి వచ్చాడు.

"ఏటి బావా, ఇంకా తెమల్లేదా? అమ్మోరు సల్లబడితే కేబులెందుకు?"

"అమ్మోరికీ రంగేసీసావేటి?" అన్నాను. గౌరి పక్కున నవ్వింది.

సాయంత్రానికి కేబుల్ కుదిరింది. గౌరి హ్యాండిల్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది.

"పెదనాన్నా, ఒక్క ఏలుతో తిరిగిపోతంది. నాన్నప్పుడూ ఇలాగే ఉండీదా? గంగమ్మే లాక్కుపోయిందంటారు కదా?"

కోడిని పట్టుకున్నవాడు వింటుండగానే చెప్పాను.

"గంగమ్మ కాదే. మీ మావయ్య అప్పలనాయుడు."