పలక చెప్పిన చాడీ

చల్లపల్లి,
మంగళవారం.

బంగారుతల్లి ధనశ్రీకి, నాన్న మల్లేశ్వరరావు కోటి ముద్దులతో రాసేది.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని విసుక్కోకు. నువ్వు కొనిచ్చిన, తెర మీద పుస్తకాలు చదివే ఆ కరెంటు పలక చేసిన పని చూశాక నాకు ఫోనంటే కూడా భయం పట్టుకుంది.

మీ అమ్మకి ఏ జబ్బూ లేదు. ఫోనులో చెబితే నమ్మలేదు, ఇదైనా నమ్ము. రొమ్ములో గడ్డల గురించి రాసిన పేజీ నేను తొమ్మిదిసార్లు తెరిచి, కింద గీత కూడా గీశానని, రెండూ నీ ఖాతాలోనే ఉండబట్టి పలక నీ ఫోనుకి చాడీ చెప్పిందన్నావు. నువ్వు ఏడుస్తూ అల్లుడుగారికి చెప్పావు, ఆయన వాళ్లమ్మకి, ఆవిడ కంకిపాడులో మనవాళ్లందరికీ. నిన్నటి నుంచి ఇంటినిండా చుట్టాలు, బత్తాయి పళ్లు. పచ్చడికి కాయలు తరుగుతున్న మీ అమ్మని పట్టుకుని మీ మేనత్త ఒకటే ఏడుపు. "ముందు నన్ను కాయలు తరగనివ్వు వదినా, తర్వాత ఏడుద్దువుగాని" అంది మీ అమ్మ.

నేను చదివింది ఐదో తరగతే అయినా మన మగ్గాల షెడ్డులో చదివిపెట్టేది నేనే కదమ్మా. ఆడవాళ్లు కండెలు చుడుతుంటే పైకి చదివి వినిపిస్తాను. పని అయ్యాక ఒకరో ఇద్దరో ఆగి, తమకు కావలసింది మెల్లిగా అడుగుతారు. ఒకరికి కోర్టు సంగతి, ఒకరికి కడుపు నిలవని సంగతి. ఆ గడ్డ పేజీ అలా ఒకావిడ చదివించుకున్నది. తొమ్మిదిసార్లూ ఆవిడకే. "ఎవరికీ తెలియకూడదు అన్నయ్యగారూ" అంది. నా నోరు దాటలేదు, పలక దాటించింది. ఊళ్లో గడ్డ అన్న మాట వినపడగానే ఆవిడ షెడ్డుకి రావడం మానేసింది. నేనే బయటపెట్టాననుకుని ఉంటుంది. ఇప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లమని ఆవిడకి ఎవరు చెప్పాలి?

పుస్తకమన్నాక మూసేస్తే నోరు మూసుకోవాలి కదమ్మా. ఈ సంగతి అల్లుడుగారికి కూడా చెప్పకు.

ఒళ్లు మండిపోతున్న
మీ నాన్న


చల్లపల్లి,
పై ఆదివారం.

నా చిట్టితల్లికి,

సంతోషంలో గబగబా రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే సర్దుకుని చదువుకో.

పరీక్ష చేయించుకుంటేగాని కదలమని చుట్టాలు భీష్మించుకుని కూర్చున్నారు. మీ అమ్మ సరేనంది. అని, తిన్నగా ఆవిడ ఇంటికే వెళ్లి "ఒక్కదాన్నే వెళ్లాలంటే భయంగా ఉంది, తోడు రా" అందట. నేను పేరు చెప్పలేదు తల్లీ. షెడ్డుకి ఎవరు రావడం లేదో మీ అమ్మే గమనించింది. ఇద్దరూ బెజవాడ బస్సెక్కారు. ఆ ఊళ్లోనే ఉన్న నీ గుమ్మం తొక్కలేదని అలగకు, నువ్వు వెంట వస్తావని భయం. ఇద్దరికీ స్కాను తీశారు. మీ అమ్మకి ఏమీ లేదు. ఆవిడది ఉత్త కొవ్వు గడ్డ, భయం లేదన్నారు.

ఊరంతా మీ అమ్మ రిపోర్టే అడిగింది. తోడు వెళ్లినావిడని ఒక్కరూ ఏమీ అడగలేదు. నిన్న ఆవిడ షెడ్డుకి వచ్చి, రాట్నం ముందు కూర్చుని "ఇవాళ ఏదైనా నవ్వొచ్చేది చదవండి అన్నయ్యగారూ" అంది. నా కళ్లు మసకేసి నాలుగు వరుసలు తప్పు చదివాను.

పలకని దీనితోపాటు పార్సెల్ చేశాను. నువ్వు ప్రేమగా కొన్నదే, కాదనను, కానీ దాని ముందు మనసువిప్పి చదవలేను. గవర్నర్‌పేటలో పెద్ద అక్షరాల అచ్చు పుస్తకాలు దొరికితే పంపు.

ఆవిడ ఎవరని అడుగుతావు. నువ్వు నా ప్రాణం ధనశ్రీ. అయినా నీకూ చెప్పను.

ఇట్లు,
పొంగిపోతున్న
మీ నాన్న