మాడ్రిడా, బార్సిలోనానా, ముందు ఉప్పు డబ్బా ఎక్కడ?

వంటింటి నుంచి,
పెన్యలోబోస్, సోమవారం

మహారాజశ్రీ కసిమీరో గారికి,

మీ భార్య ఒరోసియా వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరు క్షేమమని తలుస్తాను. తలచడమెందుకు, తెలుసు. రాత్రంతా అటక మీంచి గురక వినపడుతూనే ఉంది.

నిన్న నా కంచం కింద మీరు పెట్టిన చీటీ అందింది. స్టాంపు లేని కాగితం ఈ ఇంట్లో పొయ్యిలోకే పోతుంది. ఏమైనా చెప్పదలిస్తే లోకంలో అందరిలా కవరులో పెట్టి, స్టాంపు అంటించి, చర్చి ముందున్న పెట్టెలో వేయండి. పోస్టు నియెవెస్ తెచ్చి ఇస్తుంది. మన ఊరి ఉత్తరాలన్నీ ముందు సరగోసా వెళ్ళి, ముద్ర వేయించుకుని తిరిగొస్తాయి కాబట్టి మూడు నాలుగు రోజులు పడుతుంది. పట్టనివ్వండి. మీ మాటలకి ఆ మాత్రం తిరుగుడు ఉంటే గాని బుద్ధి రాదు.

రేపు మీరు మాట మార్చకుండా జరిగింది రాసి పెడుతున్నాను. జనవరిలో, సాన్ అంతోన్ పండుగ నాడు సహకార సంఘం లాటరీలో మొదటి బహుమతి మనకొచ్చింది. ఇద్దరికి రెండు రాత్రుల యాత్ర, మాడ్రిడ్‌కో బార్సిలోనాకో, ఏదో ఒక్కచోటికే. (రెండో బహుమతి పంది తొడ. మీ కళ్ళు దాని మీదే ఉన్నాయి. చూశాను.) కూపను మీద ఊరి పేరు రాసి, ఇద్దరం సంతకాలు పెట్టి మార్చిలో సాన్ హొసే పండుగలోగా ఇవ్వాలి. నేను మాడ్రిడ్ అన్నాను. మీరు బార్సిలోనా అన్నారు. "నీ నోటితో నువ్వు బార్సిలోనా అనేదాకా నీతో మాట్లాడితే సరగోసా పిలార్ తల్లి మీద ఒట్టు" అన్నది మీరు. "నువ్వు మాడ్రిడ్ అనేదాకా నేనూ మాట్లాడను, ఆ తల్లి మీదే ఒట్టు" అన్నది నేను. ఇప్పుడు ఎవరు ముందు నోరు తెరిచినా వాళ్ళ ఒట్టు పోయినట్టే.

నలభై ఏళ్ళు గొర్రెల్ని వదిలి ఎక్కడికీ కదలలేమన్నారు. మీ మోకాళ్ళ పుణ్యమా అని మొన్న మంద అమ్మేశాం. ఇప్పుడైనా ఒక ఊరు చూద్దామంటే ఇదీ వరస.

ఇట్లు,
ఒరోసియా

తా.క. ఉత్తరం కాబట్టి మీరు అంటున్నాను. ఎదురుగా అయితే ఇంత మర్యాద దొరకదు.

మరో తా.క. మీ చీటీ బాగా మండింది. శనగలు మెత్తగా ఉడికాయి.


అటక మీంచి,
శుక్రవారం

ప్రియమైన ఒరోసియాకు,

నీ ఉత్తరం ఈ రోజు అందింది. నియెవెస్ సైకిలు దిగి, నీ పక్కనుంచే లోపలికొచ్చి, నా చేతిలో పెట్టి, "కసిమీరో మామా, ఈ ఉత్తరం రాసిన మనిషి గుమ్మంలో బఠాణీలు ఒలుస్తోంది, తెలుసా?" అంది. తెలుసు అన్నాను. తల పట్టుకుని వెళ్ళిపోయింది.

నా మాట ఒకటే. బార్సిలోనా. ఎందుకని అడక్కు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని నీకు పెళ్ళినాడే తెలుసు. నీ కుందేలుకి అసలు కాళ్ళే ఉండవని నాకు మర్నాడు తెలిసింది.

ఇట్లు,
నీ భర్త కసిమీరో

తా.క. ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావు? కొంచెం తొందరగా జవాబు రాయి. చారు పొయ్యి మీద ఉంది.


వంటింటి నుంచి,
బుధవారం

కసిమీరో గారికి,

మీరడిగిన ఉప్పు డబ్బా రెండో అరలో, పిండి డబ్బా వెనకాల ఉంటుంది. అయిదు రోజులు చప్పిడి చారు తాగారు, చూస్తూనే ఉన్నాను. ఉప్పూ కారం తినేవాళ్ళకి రోషం ఉంటుందంటారు. ఉప్పు మానేసినా మీకు రోషం తగ్గలేదంటే అది పుట్టుకతో వచ్చిందే.

ఇక అసలు సంగతి. బార్సిలోనా ఎందుకో అడగొద్దన్నారు. అడగక్కర్లేదు. నిద్రలో మీరే చెబుతున్నారు. "మొన్సెరాత్, పోకే! వాళ్ళ వెంట పోకే, మొన్సెరాత్!" అని నిన్న రాత్రి అటక అదిరేలా అరిచారు. అది బార్సిలోనా వైపు ఆడవాళ్ళ పేరు. ఎవరది?

ఇట్లు,
చెవులు బాగానే పనిచేస్తున్న
ఒరోసియా

తా.క. అబద్ధం రాస్తే అక్షరాలు వంకర పోతాయి మీకు. నాకు తెలుసు.


అటక మీంచి,
ఆదివారం

ఒరోసియాకు,

దాని పేరు నీకు తెలిసిపోయింది కాబట్టి ఇక దాచను. మొన్సెరాత్‌ను మర్చిపోవడం నా వల్ల కావడం లేదు. అలాంటి కళ్ళు ఈ కొండల్లో నేను మళ్ళీ చూడలేదు. మంచు పడ్డ ఏడాది కొండ మీద దొడ్లో దాని పక్కన పడుకోకపోతే నేను బిగుసుకుపోయి ఉండేవాణ్ణి. కవల పిల్లల్ని కన్నప్పుడు దాని దగ్గరున్నది నేనొక్కణ్ణే. ఆ బార్సిలోనా వాడు వచ్చి తీసుకుపోతుంటే వెనక్కి తిరిగి నా వంకే చూసింది. అప్పుడు నేను ఏడవలేదు. వాళ్ళు మలుపు తిరిగాక ఏడ్చాను.

నీకు కోపం వస్తుందనుకున్నా గాని, ఇంత మామూలుగా అడిగావు. మంచి మనసు నీది.

ఇట్లు,
కసిమీరో

తా.క. పిండి డబ్బా వెనకాల ఉప్పు లేదు. ఎలకల మందుంది. రుచి చూసేముందు అదృష్టవశాత్తూ పేరు చదివాను.


వంటింటి నుంచి,
గురువారం

ఒరేయ్ కసిమీరో!

కవలలా? కవలలా! దొడ్లోనా? కనీసం గోడలున్న గదైనా దొరకలేదా? చలికాలం నేను నీకు ఉన్ని మేజోళ్ళు అల్లుతూ కూచుంటే నువ్వు కొండ మీద వెచ్చగా ఉన్నావా! వాళ్ళకి పేర్లు ఏం పెట్టావు? బడికి పంపావా? నువ్వు బార్సిలోనా వెళ్ళాలన్నది సముద్రం చూడ్డానికా, సంసారం చూడ్డానికా?

ఈ ఉత్తరం రాస్తుంటే నువ్వు ఎదురుగా కూచుని రొట్టె నములుతున్నావు. ఈ రొట్టెల కర్ర ఇప్పుడే విసిరేదాన్ని. కానీ కొట్టాలంటే తిట్టాలి, తిట్టాలంటే నోరు తెరవాలి, ఒట్టు అడ్డొచ్చి బతికిపోయావు.

నీకు ఏమీ కాని
ఒరోసియా

తా.క. ఎలకల మందు మీద పేరు రాసిన నన్ను నేనే తిట్టుకుంటున్నాను.


అటక మీంచి,
సోమవారం

ఒరోసియా!

గొర్రె! అది గొర్రె!

నల్లచెవి గొర్రె. ఎప్పుడు చూసినా మంద వదిలి బార్సిలోనా ఉన్న కటలోనియా వైపు కొండ దిగిపోయేది, అందుకని ఆ పేరు పెట్టుకున్నాను. గొర్రెలకి పేర్లు పెడితే తోటి కాపరులు నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. దాని కవలల్ని పోయిన ఈస్టర్ పండుగకి వండింది నువ్వే. బాగున్నాయని రెండోసారి వడ్డించుకుంది కూడా నువ్వే.

గొర్రెకి సవతి హోదా ఇచ్చినదానివి, ఇక నేనూ ఒకటి అడుగుతాను. మాడ్రిడ్ మీద నీకింత మోజు దేనికి? పెళ్ళికి ముందు ఊరి పండుగలో నీతో మూడు పాటలకి నాట్యం చేసిన సిప్రియానో అక్కడే కదా తినుబండారాల కొట్టు పెట్టాడు? నేను గొర్రెని చూసి ఏడ్చాను. నువ్వు ఎవర్ని చూసి నవ్వడానికి పోతున్నావు?

ఇట్లు,
మచ్చలేని మనిషి
కసిమీరో

తా.క. రొట్టెల కర్ర ఎత్తినప్పుడు చూశాను. రొట్టె నమలడం ఆపకపోవడం ధైర్యం కాదు, భయం.


వంటింటి నుంచి,
శుక్రవారం

కసిమీరో గారికి,

మళ్ళీ 'మీరు' లోకి వచ్చాను, గమనించగలరు.

సిప్రియానో పోయి ఏడేళ్ళయింది. శవాన్ని ఊరికి తెచ్చారు. పెట్టె మోసిన ఆరుగురిలో మీరొకరు. మనిషి ఇంత బరువేమిటని నెల రోజులు నాచేత నడుముకి నూనె రాయించుకున్నారు.

మాడ్రిడ్ ఎందుకో ఇప్పుడు చెబుతాను. మీ అత్లెతికో ఫుట్‌బాల్ జట్టు కోసం. నలభై ఏళ్ళుగా ఆ రేడియో చెవికి అంటించుకుని, వాళ్ళు ఓడినప్పుడల్లా పొగ కళ్ళలో పడిందని అబద్ధమాడుతూ ఉంటే, ఈ మనిషి ఒక్కసారైనా ఆ మైదానంలో కూచుని, వాళ్ళు ఓడిపోవడం కళ్ళారా చూడాలని నాకుండేది. మీకు చెబితే నా మీద జాలి పడొద్దంటారు. అందుకని నాకే మోజున్నట్టు చెప్పాను.

ఇక చాలు. నోటితో అనలేను, చేత్తో రాస్తున్నాను. బార్సిలోనాకే పోదాం. గెలిచారు.

ఇట్లు,
మీ ఒరోసియా

తా.క. ఉప్పు డబ్బా కిటికీ పక్కన చూడండి.


అటక మీంచి,
శుక్రవారమే

ఒరోసియాకు,

నీ జవాబు కోసం ఆగలేదు. సిప్రియానో చచ్చిపోయాడని ఇవాళ పొద్దున గడ్డం గీసుకుంటుంటే గుర్తొచ్చింది. నడుం కూడా గుర్తుచేసింది.

అందుకని చెప్పేస్తున్నాను. పెళ్ళి కుదిరిన ఏడాది, కళ్ళం దగ్గర గోధుమలు తూర్పారబడుతూ, ఒక్కసారి సముద్రంలో పాదాలు పెట్టి చూడాలని ఉంది అన్నావు. పెళ్ళవగానే పెట్టిస్తా అన్నాను. తర్వాత గొర్రెలు, గొర్రెల తర్వాత గొర్రెలు. నువ్వు మళ్ళీ అడగలేదు. నువ్వు అడగకపోవడమే నాకు గుచ్చుకునేది. బార్సిలోనా అన్నది అందుకు.

కానీ నువ్వు మాట్లాడని ఇంట్లో సముద్రం ఏం చేసుకోను? మాడ్రిడ్‌కే పోదాం. నువ్వే గెలిచావు.

ఇట్లు,
నీ కసిమీరో

తా.క. ఉప్పు కోసం నాకు తోచి కిటికీ పక్కన కూడా వెతికాను. అక్కడ నీ కళ్ళజోడుంది.


వంటింటి నుంచి,
మంగళవారం

కసిమీరో గారికి,

కనుమ దారిలో మంచు పడి రెండు ఉత్తరాలూ పది రోజులు ఆగి ఇవాళ ఒకేసారి వచ్చాయి. చదివి, వెల్లుల్లి ఒలిచే వంక పెట్టుకుని ఏడ్చాను.

అయినా సరే, మీరు లొంగడానికి వీల్లేదు. ముందు లొంగింది నేను. సముద్రం ఎక్కడికీ పోదు గాని మీ జట్టు... అరెరె, నేనిప్పుడు బార్సిలోనా పక్షం కదా. బార్సిలోనాకే పోవాలి. ఇంకో మాట లేదు.

ఇట్లు,
ముందు లొంగిన ఒరోసియా

తా.క. రెండు కవర్ల మీదా సరగోసా ముద్ర ఒకే తేదీది. అయినా నా కవరు పైన ఉంది.


అటక మీంచి,
పెట్టెలో వేయని ఉత్తరం

ఒరోసియా,

ఇది నీ కంచం కింద పెడుతున్నాను. పాత కవరు మీంచి ఊడదీసిన స్టాంపు అంటించాను. పొయ్యిలో వేసేముందు చదువు.

నిన్న అందిన నీ ఉత్తరానికి జవాబుగా "చచ్చినా మాడ్రిడ్‌కే" అని రాసుకుని పెట్టె దగ్గరికి వెళ్ళాను. చర్చి గంటలు మోగుతున్నాయి. సాన్ హొసే పండుగట. కూపను మన గోడకి మేకు మీదే వేలాడుతోంది. పరుగెత్తుకుని సంఘానికి వెళితే, గడువు దాటిందని లాటరీ మళ్ళీ తీసేశారు. ఎవరికి వచ్చిందో తెలుసా? నియెవెస్‌కి. మన ఉత్తరాలు మోసి మోసి అరిగిపోయిన ఆ నియెవెస్‌కి. రేపట్నుంచి మూడు రోజులు సెలవు పెట్టి యాత్రకి పోతోంది. ఉత్తరాలు తెచ్చేవాళ్ళు ఎవరూ లేరు.

ఊరు పోయినందుకు నాకు బాధ లేదు. నీ గొంతు వినక రెండు నెలలైంది. నువ్వు కోళ్ళని తిట్టేటప్పుడు గుమ్మం వెనక నుంచుని వింటున్నాను. నన్ను తిట్టు, ఒరోసియా. కోళ్ళు ఏం చేశాయి?

కసిమీరో

తా.క. ఉప్పు సంగతి ఇక అడగను. అలవాటైంది.


సరగోసా నుంచి,
పిలార్ గుడి ముందు మెట్ల మీంచి

ప్రియమైన కసిమీరోకు,

నువ్వు నా పక్కనే కూచుని ఏం రాస్తున్నావని తొంగి చూస్తున్నావు. చూడకు. ఇంటికెళ్ళాక నియెవెస్ తెచ్చి ఇస్తుంది. నలభై ఏళ్ళ సంసారంలో మన ఇంటికి దూరం నుంచి వచ్చిన మొదటి ఉత్తరం ఇదే కావాలని నా కోరిక.

మళ్ళీ నువ్వు మాట మార్చకుండా, జరిగింది రాసి పెడుతున్నాను. ఆ మూడు రోజులూ ఇద్దరం ఒకే బల్ల దగ్గర మూగ మొహాలు వేసుకుని కూచున్నాం. నాలుగో రోజు నియెవెస్ తలుపు తోసుకుని వచ్చి, "నేను ఎక్కడికి వెళ్ళొచ్చానో చెప్పండి చూద్దాం!" అంది. నేను "బార్సిలోనా!" అన్నాను. అదే క్షణంలో నువ్వు "మాడ్రిడ్!" అన్నావు. ఒకరి నోట్లోంచి ఒకరి ఊరు వచ్చింది. ఇద్దరి ఒట్లూ తీరిపోయాయి. మనిద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుంటుంటే నియెవెస్ ఏమంది? "రెండూ కాదు. తలుపులేసుకుని మా ఇంట్లోనే పడుకున్నా. మీ ఉత్తరాలు మోయకుండా మూడు రోజులు నిద్రపోతే అదే నాకు యాత్ర." ఆ కూపను బల్ల మీద పడేసి, "సంఘం వాళ్ళకి చెప్పి మీ పేరుకి మార్పించా. దీని మీద ఏ ఊరైనా రాసుకోండి, తల్లీ. కానీ నోటితో తేల్చుకోండి" అంది.

నువ్వు మాడ్రిడ్ రాశావు, నేను కొట్టేసి బార్సిలోనా రాశాను, చివరికి సంఘం గుమస్తా విసిగి రెండు బస్సులకీ చీటీలిచ్చాడు. సరగోసాలో దిగాక నచ్చిన బస్సు మారండి అన్నాడు. దిగాం. ఎడం పక్క మాడ్రిడ్ బస్సు, కుడి పక్క బార్సిలోనా బస్సు. "నీ కోసం ఇటు" అని నువ్వు, "నీ కోసం అటు" అని నేను. ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళం లాక్కుంటూ రెండు నెలల మాటలన్నీ అక్కడే ఆడేశాం. డ్రైవర్లిద్దరూ కాసేపు నవ్వి, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. బస్‌స్టాండులో మనిద్దరం, ఒక పెట్టె మిగిలాం.

అప్పుడు నువ్వన్నావు, "మన ఉత్తరాలన్నీ చూసి వెళ్ళిన ఊరు. మనమూ చూద్దాం పద." నలభై ఏళ్ళుగా ఏ తల్లి మీద ఒట్లు పెట్టుకున్నామో ఆ తల్లి ఇక్కడే ఉంది. ఒక్కసారీ వచ్చి దణ్ణం పెట్టలేదు మనం. ఇందాక నువ్వు టోపీ తీసి చాలాసేపు నుంచున్నావు. ఏం అడిగావంటే "ఏమీ అడగలేదు, క్షమాపణ చెప్పుకున్నా" అన్నావు.

మధ్యాహ్నం నన్ను ఎబ్రో నది ఒడ్డుకి తీసుకెళ్ళి, మోకాళ్ళు నొప్పెడుతున్నా వంగి నా బూట్లు విప్పావు. "ఈ నీళ్ళు తిన్నగా సముద్రానికే పోతాయి. నీ పాదాల సంగతి అవే చెబుతాయి" అన్నావు. నీళ్ళు మంచులా ఉన్నాయి. అయినా తీయలేదు. ఇంత వయసొచ్చాక చెబుతున్నాను, కసిమీరో, నాకు చాలా సంతోషంగా ఉంది.

ఇప్పుడు పక్క హోటల్లో రేడియో పెట్టారు. నీ జట్టు ఓడిపోతోంది. నువ్వు పొగ కళ్ళలో పడిందంటున్నావు. ఇక్కడ పొగ లేదు.

ఇట్లు,
నీ పక్కనే ఉన్న
ఒరోసియా

తా.క. ఉప్పు డబ్బా మొదట్నుంచీ నా చేతిసంచిలో ఉంది. నోరు తెరిచి అడుగుతావని దాచాను. నువ్వు వెళ్ళి స్టాంపు కొన్నావు.