హనీఫా చెప్పని ధర

మన ఊరి బడి,
14 నవంబరు 2019, గురువారం.

జెవాదాకు,

సెనీహా సలాములు. నువ్వూ, మీ ఆయనా, పిల్లలూ ఒంట్లో బాగా ఉన్నారనీ, జెనిత్సాలో ఆసుపత్రి డ్యూటీలు నిన్ను మరీ నలిపెయ్యడం లేదనీ తలుస్తున్నాను. ఇక్కడ మేమంతా కులాసాయే అని రాయడం మర్యాద కనక రాస్తున్నాను. నువ్వు నమ్మనక్కర్లేదు.

నువ్వు నాతో మాట్లాడి పది నెలలు దాటింది. మీ అమ్మ పోయిన ఏడో రోజు ప్రార్థనలకి ఆడవాళ్ళంతా మీ ఇంట్లో చేరినప్పుడు నేనూ వచ్చాను. నువ్వు అందరికీ కాఫీ అందిస్తూ వచ్చి, నా ముందు మాత్రం కప్పు పెట్టకుండా, "నీ చదువు పూర్తయిందిగా, ఇంకేం కావాలి?" అన్నావు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. నేను లేచి వచ్చేశాను.

వచ్చే బుధవారం పట్నం కోర్టులో నది విషయమై కరెంటు కంపెనీ మీద మన ఊరు వేసిన కేసు విచారణకి వస్తోంది. నన్ను సాక్షిగా పిలిచారు. జడ్జికి చెప్పబోయేది నువ్వు ముందుగా వినాలని ఈ ఉత్తరం.

నేను ఈ వయసులో మళ్ళీ చదువు మొదలుపెట్టిన సంగతి నీకు తెలుసు. ఎందుకో సరిగ్గా ఎప్పుడూ చెప్పలేదు. నాలుగేళ్ళ కిందట కంపెనీ మనుషులు ఇద్దరు మా బడికి వచ్చారు. జెలెంకా నదిని మన పిండిమిల్లుకి ఎగువనుంచి ఏడు కిలోమీటర్లు గొట్టంలో నడిపించి కరెంటు తీస్తామని మ్యాపు పరిచారు. భూగోళం చెప్పే టీచర్ని కదా, నా అభిప్రాయం అడిగారు. నది ఎంత అందమైనదో, ఊరికి ఎంత ముఖ్యమో పావుగంట చెప్పాను. ఇద్దరూ మర్యాదగా నవ్వుతూ విన్నారు. చేతిలో పెన్ను ఉంది, ఒక్క ముక్క రాసుకోలేదు. వీళ్ళకి అంకెలు తప్ప వినపడవని ఆరోజు అర్థమైంది. సరే, అంకెల్లోనే మాట్లాడదామనుకున్నాను.

అలా చేరాను, పర్యావరణ అర్థశాస్త్రంలో ఎం.ఎస్‌సి.కి. విశ్వవిద్యాలయం ఎక్కడో ఉత్తరాన, నేను దాని గడప కూడా చూడలేదు. అంతా కంప్యూటరు తెరమీదే. మా ఇంట్లో ఇంటర్నెట్ నిలవదు కనక హైవే మీద ఫాదిల్ పెట్రోలు బంకులో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని క్లాసులు వినేదాన్ని. "టీచరమ్మా, రెండేళ్ళుగా ఒక్క కాఫీతో నెట్టుకొస్తున్నావు, పట్టా వచ్చాక దానిమీద నా పేరు కూడా వేయించు," అనేవాడు ఫాదిల్.

నిజంగా ఇష్టపడి చదివాను, జెవాదా. అడవి ఆపే వరదకీ, తేనెటీగలు చేసే చాకిరీకీ, పీల్చే గాలికీ విలువ కట్టొచ్చని నేర్పారు. కట్టకపోతే లెక్కలో వాటికి సున్నా వేస్తారు, సున్నా వేసినదాన్నే ముందు నరుకుతారు. ఇది అబద్ధం కాదు. ఇప్పటికీ కాదనే అంటాను.

పరిశోధనకి మన నదినే తీసుకున్నాను. ఊళ్ళో అరవై ఇళ్ళు తిరిగి ఒకటే ప్రశ్న: నది గొట్టంలోకి పోతే మీ ఇంటికి జరిగే నష్టానికి ఏడాదికి ఎంత ఇస్తే సరిపోతుంది? కొందరు నవ్వుతూ చెప్పారు. కొందరు ఇంటికొచ్చిన టీచర్ని ఉత్తచేతులతో పంపడం బాగోదని చెప్పారు. హసన్ మామ ఒక గొర్రె ఖరీదిస్తే చాలన్నాడు, భార్య కళ్ళెర్రజేసేసరికి రెండు గొర్రెలన్నాడు.

మీ అమ్మ మిల్లు దగ్గర బండలమీద ఉన్ని ఉతుకుతోంది. సెప్టెంబరు నెల. "పిన్నీ, ఒక్క ప్రశ్న" అన్నాను.

"అడుగు. చేతులు ఖాళీ లేవు గానీ నోరు ఖాళీయే."

చదివాను. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను.

"ఎవరే ఇది రాసింది?"

"నేనే పిన్నీ."

"నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మ జ్వరంతో పడుంటే నీకు మొదటి స్నానం ఈ నీళ్ళతో నేనే పోశాను. అప్పుడు మీ అమ్మని నీ ధరెంతని అడిగానా?"

"అలా కాదు పిన్నీ. ఏదో ఒక అంకె చెప్తే నదికే మంచిది. ఆ కంపెనీవాళ్ళ నోరు మూయించొచ్చు."

"అంకె నోట్లోంచి ఊడిపడితే అది బేరమవుతుంది. అమ్మనిదానికి ధరేంటే, పిచ్చిమొహమా. ఇదిగో, ఈ ఉన్ని ఆ కొస పట్టుకో."

పట్టుకున్నాను. ఇద్దరం చెరోవైపు మెలిపెట్టి పిండాం. నా కాగితాలన్నీ తడిసిపోయాయి. హనీఫా అన్న మీ అమ్మ పేరు పక్కన గడి ఖాళీగా ఉంచాను.

అలా ధర చెప్పనన్న ఇళ్ళు పంతొమ్మిది తేలాయి. మా శాస్త్రంలో వీటిని నిరసన జవాబులంటారు. అడిగినదానికి జవాబు కాదు కనక పక్కన పెట్టొచ్చని నియమం. పక్కన పెట్టాను. మిగిలిన నలభై ఒక్క ఇళ్ళ సగటు కట్టాను. పట్టా వచ్చింది, మంచి శ్రేణిలో. మీ అమ్మ బంగాళాదుంప కూరిన పీతా రొట్టె చేసి పళ్ళెంతో బడికి తెచ్చి, పంతుళ్ళందరికీ తలో ముక్కా పెట్టి, "మా పిల్ల నది కోసం చదువుకుంది" అని చెప్పి వెళ్ళింది.

నిరుడు వసంతంలో గ్రామసభ పెట్టారు. కంపెనీ తరఫున వచ్చినతను గోడమీద ఒక పట్టిక వేసి చూపించాడు. అది నాది. నేను విశ్వవిద్యాలయానికి ఇచ్చిన పట్టిక, అక్కడినుంచి ఎవరైనా దించుకోవచ్చు.

"ఇది మేము కట్టిన ధర కాదండీ," అన్నాడు. "మీ టీచరు గారే మీ ఇంటింటికీ వచ్చి రాసుకున్నది. ఏడాదికి ఇంటికి గొర్రె ఖరీదు కూడా లేదు. అంతకి రెట్టింపు ఇస్తాం."

మీ అమ్మ లేచి, "నేను ఏ ధరా చెప్పలేదయ్యా" అంది.

అతను పేరడిగి, వెతికి, "మీ పేరు లెక్కలో లేదమ్మా. అంటే మీకు నష్టమేమీ లేదనే కదా" అన్నాడు. వెటకారంగా కాదు, నిజంగానే అలా అనుకున్నట్టున్నాడు.

హాలంతా నావైపు తిరిగింది. నేను లేచి, పంతొమ్మిది ఇళ్ళు ధర చెప్పనన్నాయని చెప్పాను. "అది ఏ పేజీలో ఉందో చెప్పండి, చూస్తాం" అన్నాడతను. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక్క వాక్యం ఉంది. అతను చదివి వినిపించాడు. వెనకనుంచి ఎవరో, "ఇంత చదివి ఒక్క వాక్యమా, టీచరమ్మా" అన్నారు.

ఆగస్టులో గొట్టం వేసే యంత్రాలు దాటకుండా ఆడవాళ్ళు వంతెనమీద కూర్చున్నారు. మూడు రోజులు నాకు మొహం చెల్లలేదు. నాలుగో రోజు వెళ్ళాను. అందరూ అటు తిరిగి కూర్చుంటే మీ అమ్మే జరిగి చోటిచ్చి, "రా. కింద చల్లగా ఉంది, ఈ దుప్పటి వేసుకో" అంది. నన్ను ఒక్క మాట అనలేదు. అప్పటినుంచి పదిహేడు రోజులు ఆమె పక్కనే ఉన్నాను. ఆఖరి రోజు పొద్దున్నే పోలీసులొచ్చారు. ఇద్దరు ఆమెను ఎత్తి పక్కకి మోసుకుపోతుంటే తుంటి వంతెన కమ్మీకి కొట్టుకుంది. విరిగిన చప్పుడు నేను విన్నాను. ఆ తర్వాత ఆసుపత్రిలో జరిగిందంతా నాకంటే నీకే తెలుసు. జనవరికి ఆమె పోయింది. అప్పటికి గొట్టం పరవడం పూర్తయింది. ఆఖరి స్నానానికి నీళ్ళు ట్యాంకరులో తెప్పించారు. నువ్వు బకెట్లు లెక్కపెట్టుకుంటూ పోయడం చూశాను.

ఇప్పుడు మిల్లు కింద రాళ్ళే ఉన్నాయి. వాటిమీద నాచు జిగురు తెల్లగా ఎండి పొరలుగా లేస్తోంది. ఈ ఏడు చిక్కుళ్ళు ఎవరింట్లోనూ కాయలేదు.

బుధవారం కోర్టులో నేను చెప్పేది ఇదీ: నియమం ప్రకారం చేశాను, ఆ నియమంలోనే తప్పుంది, కంపెనీ దాన్ని వాడుకుంది. క్షమించమని అడగడం లేదు. వీలైతే రా. వెనక బెంచీలో కూర్చున్నా చాలు.

ఎనిమిదేళ్ళు నీ పక్క బల్లమీద కూర్చుని చదువుకున్న
సెనీహా.

తా.క. కవరు అంటించి, మళ్ళీ చింపాను. నియమమని రాశానే, అది అబద్ధం. పక్కన పెట్టొచ్చంది నియమం, పెట్టమనలేదు. మా ప్రొఫెసరమ్మ ఆ పంతొమ్మిది ఇళ్ళే నీ పరిశోధన అని, వాళ్ళెందుకు కాదన్నారో ఒక అధ్యాయం రాయమంది. రాశాను. పదకొండు పేజీలు, మీ అమ్మ మాటలతో మొదలు. ఒకరోజు క్లాసులో నా వచ్చీరాని ఇంగ్లీషులో మొదటి పేజీ చదివాను. ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. ఒకమ్మాయి "ఎంత ముచ్చటగా ఉందో" అంది, తెరమీద గళ్ళల్లో మొహాలన్నీ నవ్వాయి. ఆ పెట్రోలు బంకులో కూర్చుని నాకు మొహం మండిపోయింది. వీళ్ళకి నేను ఉన్ని ఉతికేవాళ్ళ పిల్లనని తెలిసిపోయిందనుకున్నాను. వారం తిరక్కుండా ఆ అధ్యాయం తీసేశాను. అదేదని ప్రొఫెసరమ్మ అడిగితే, ముసలివాళ్ళ మాటలు, శాస్త్రానికి పనికిరావని జవాబు రాశాను. ఆమె ఇంకోసారి అడిగింది. తర్వాత అడగలేదు.

ఆ పేజీలు ఇందులో పెట్టాను. ఇంకో నకలు జడ్జికిచ్చి ఈ సంగతే చెప్తాను. వద్దంటున్నాడు మన వకీలు. సాక్షే మాట మారుస్తోందని కంపెనీవాళ్ళు అంటారట, కేసు పోతుందట. పోవచ్చు.

మీ అమ్మకి మాత్రం చెప్పలేదు. పదిహేడు రోజులు ఆమె దుప్పటి మీదే కూర్చుని కూడా చెప్పలేదు.