డ్రెస్సు కావాలట, తిండి వద్దట

నవంబర్ 10, 2025. సోమవారం. సాయంత్రం 6

కోపంగా ఉంది. అందుకే డైరీ తీశాను. జూన్ తర్వాత మళ్లీ ఇదే రాయడం.

స్టాఫ్ మీటింగ్ గంటన్నర సాగింది. కార్తీకం వెళ్లాక, ముప్పయ్యో తేదీ ఆదివారం స్కూల్లో ఫుడ్ ఫెస్టివల్ అట. పేరు ‘మా ఊరి రుచి’. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ఎవరిది ఏ వైపైతే ఆ వైపు వంటతో టీచర్లు స్టాల్ పెట్టాలి. తెలుగు మేడం సర్వపిండి అంది. పీఈటీ సారు మానుకోట మిరప తొక్కు అన్నాడు. భూపాలపల్లి లెక్కల సారు ఇప్పపువ్వు లడ్డూ అన్నాడు. సోషల్ సారు తలకాయ కూర అంటే అందరూ చప్పట్లు కొట్టారు.

నా వంతు వచ్చేసరికి ప్రిన్సిపాల్ ప్రియదర్శిని మేడం నన్ను అడగనే లేదు. కాగితం మీద ముందే రాసి పెట్టుకున్నారు. స్టాల్ నంబర్ పదకొండు, బంజారా కార్నర్. డ్రెస్: ఫుల్ ట్రెడిషనల్, అద్దాలది. ఐటెం: ఏదైనా స్వీట్.

మిగతా పది స్టాళ్లకు డ్రెస్ కాలమ్ ఖాళీ. నేను ఆరేళ్లుగా ఇదే బడిలో కాటన్ చీర కట్టుకుని సైన్స్ చెబుతున్నాను. మా వంట పేరు నోటి దాకా వచ్చింది. మింగేసి, సరే మేడం అన్నాను. 

నవంబర్ 11

డ్రెస్సు కావాలట. తిండి వద్దట.

నవంబర్ 13. గురువారం

ఎవరూ చదవని చోటయినా నిజం రాయాలి కదా. ఆ రోజు నేనెందుకు నోరు మూసుకున్నానంటే, ఆరేళ్ల కింద ఒక అబద్ధం ఆడాను.

ఉద్యోగంలో చేరిన మొదటి నెల. నాన్న బాక్సు తీసుకుని బస్సులో వచ్చాడు. (నాన్న అని రాశాను చూడు! డైరీలో కూడా భాష మార్చుకుంటున్నానా? నాన్న కాదు, బా. అమ్మ కాదు, యాడి.) కొడకండ్ల అవతల మా తండా. ఆ ముందురోజు మేకను కోశారు. బిడ్డకు ఇష్టమని బా సలోయి తెచ్చాడు. మేక రక్తం, సన్నగా తరిగిన కార్జం, బోటి, కొవ్వు, బోలెడు ఉల్లిగడ్డ. చిన్నప్పుడు దానికోసం నేనూ తమ్ముడూ జుట్లు పట్టుకునేవాళ్లం.

స్టాఫ్ రూం వరండాలో మూత తీశాను. అప్పుడే మేడం అటు వచ్చారు. ఏం కూర శిరీషా, నల్లగుంది అన్నారు.

వంకాయ కూర అన్నాను.

బా రెండు అడుగుల దూరంలో ఉన్నాడు.  తువ్వాల దులిపి భుజాన వేసుకుని, బస్సు టైమైతుంది అని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎప్పుడూ బాక్సు తేలేదు. తెమ్మని నేనూ అడగలేదు.

ఇక స్టాఫ్ రూంలో నాకు వంకాయ ఇష్టమని పేరు పడిపోయింది. నా పుట్టినరోజుకు ఎవరో ఒకరు గుత్తి వంకాయ పట్టుకొస్తారు. అసలు నాకు వంకాయంటే పడదు. ఆరేళ్లుగా తింటున్నాను. మంచి శాస్తి.

నవంబర్ 16. ఆదివారం. తండా

యాడిని డ్రెస్సు అడిగాను. ట్రంకు తెరిచి చూపించింది, మళ్లీ మూసి తాళం వేసింది. ఒక్కో అద్దం తన చేత్తో కుట్టుకుంది, రెండేళ్లు పట్టింది. నీ పెండ్లికి అడుగు ఇస్తా, తీజ్ పండుగకు అడుగు ఇస్తా, మీ బడోళ్ల ఫొటోకు మాత్రం ఇయ్య అంది. మా యాడి గోరీతో వాదించి గెలిచినవాళ్లు మా తండాలో లేరు.

మరి ఏం వండుతవ్ అని అడిగింది. స్వీట్ అన్నాను. మనింట్ల బెల్లంముక్కను మించిన స్వీట్ ఎప్పుడు తిన్నవే అని పడిపడి నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

బా వాకిట్లో పత్తి నింపే బోరెం కుడుతున్నాడు. దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. మా తండాలో సలోయి ఆడవాళ్లు వండరు. బయట పొయ్యి పెట్టి మగవాళ్లే వండుతారు. సంవత్సరమంతా మేం ఊదుతున్నం, ఆ ఒక్క రోజన్న వాళ్ల కండ్లల్ల పొగ పోనియ్ అంటుంది యాడి. అందుకని నాకు తినడమే తప్ప వండటం రాదు.

బా, మా బడికొచ్చి సలోయి వండుతావా అని అడిగాను.

దబ్బనం ఆపాడు. మీ మేడం ఉంటదా అన్నాడు. ఉంటుంది అన్నాను. అందరు చూస్తరా అన్నాడు. చూస్తారు. నీ నౌకరికేం కాదు గద బిడ్డా అన్నాడు. ఏం కాదు అన్నాను. అది రెండో అబద్ధం, కానీ దీనికి సిగ్గుపడటం లేదు.

నవంబర్ 19. బుధవారం

ఫారం నింపి ఇచ్చాను. ఐటెం: సలోయి. వండేవారు: కిషన్, అంటే మా బా. డ్రెస్ కాలమ్‌లో ‘కాటన్ చీర’ అని రాశాను.

పది నిమిషాల్లో మేడం పిలిచారు. తిడితే బాగుండేది, నవ్వారు. పేరెంట్స్ వస్తరు, చిన్నపిల్లలుంటరు, బ్లడ్ అంటే ఎట్ల శిరీషా, జర ఆలోచించు అన్నారు. నాలుగో స్టాల్‌లో తలకాయ కూర ఉంది మేడం, తలకాయ అనే రాశారు, పిల్లలు భయపడరా అన్నాను. అది వేరే అన్నారు. ఎట్ల వేరే అని అడిగితే వాచీ చూసుకున్నారు.

అయినా నువ్వు మటన్ తినవు కదా, నీకు వంకాయ కదా ఇష్టం అని కూడా అన్నారు. పాపం, ఆమె నమ్మింది. నేనే నమ్మించాను.

నవంబర్ 20

అది వేరే. అది వేరే. రోజంతా ఇదే నములుతున్నాను.

నవంబర్ 24. సోమవారం. సాయంత్రం 5

ఈసారి పిలిచింది కరస్పాండెంట్ చంద్రమౌళి సారు. నర్మెట్ట వైపు భూములు, ఊళ్లో పలుకుబడి, ఈ బడి ఆయనది. మేడం పక్కనే ఉన్నారు. కూర్చో అమ్మా అన్నాడు సారు. రక్తం గిక్తం మన బడిల వద్దు, గలీజైతది, స్వీట్ పెట్టు, లేకుంటే స్టాల్ తీసెయ్ అన్నాడు. ఏప్రిల్ల రెన్యువల్స్ ఉన్నయి, యాదికి పెట్టుకో అని కూడా అన్నాడు.

యాదికి పెట్టుకుంటాను సార్ అన్నాను.

ఒప్పుకున్నానని ఇద్దరూ అనుకున్నారు.  ఈ ఉద్యోగం పోతే జనగామలో గది ఖాళీ చేసి తండాకు పోవాలి. కానీ స్వీట్ పెడతానని నా నోటితో చెప్పలేదు. అది వాళ్లు గమనించలేదు. పిల్లల పేపర్లు ఇలాగే దిద్దుతారేమో వీళ్లు.

నవంబర్ 29. శనివారం

బా వచ్చాడు. సంచిలో కొత్త కారం, ఉల్లిగడ్డలు, సొంత గంటె. యాడి కాల్చి పంపిన జొన్న బాటీలు, గుడ్డలో చుట్టినవి. బయట జొన్నరొట్టె అనే అంటాను, ఇంట్లో అది బాటి.

గది చూశాడు, గ్యాస్ పొయ్యి చూశాడు, గిన్నె వాసన చూశాడు. తర్వాత ఒక్కటే అడిగాడు. అక్కడ ఎవరన్న అడిగితే ఏమని చెప్పాలె బిడ్డా?

నువ్వేం చెప్పకు బా, నేను చెబుతాను అన్నాను.

నవంబర్ 30. ఆదివారం. పొద్దున 5:40

మటన్ షాపులో నిలబడే రాస్తున్నాను, ఫోన్‌లో. ఇంటికెళ్లి డైరీలోకి ఎక్కించాలి.

రక్తం పచ్చిగా ఉన్నప్పుడే పట్టుకోవాలని బా చెప్పి పంపాడు. గిన్నెలో ముందే ఉప్పు వేసి ఇచ్చాడు. షాపు సంజీవన్న నా గిన్నె చూసి, నల్లకా (రక్తాన్ని ఇక్కడ నల్ల అంటారు) అక్కా, జర ఆగు, మీ ముంగట ఒకటి బుక్కుంది అన్నాడు. బల్ల మీద స్టీలు డబ్బా. దాని మూత మీద ఇంటిపేరు చెక్కించి ఉంది. నాకు ఆ ఇంటిపేరు తెలుసు. నా జీతం చెక్కు మీద సంతకం దానితోనే మొదలవుతుంది.

ఎవరిదన్నా ఇది అని అడిగాను. చంద్రమౌళి సారు వాళ్లది, కార్తీకం మొత్తం ఆపిండు పాపం, ఇయ్యాల తెల్లారకముందే డ్రైవర్‌తోని పంపిండు అన్నాడు.

ముందు ఆయన డబ్బా నిండింది. తర్వాత నా గిన్నె. ఒకే మేక.

నవంబర్ 30. సాయంత్రం 7

వరసగా రాయాలి. 

బా గదిలో వండిన గిన్నెతో తొమ్మిదిన్నరకు స్టాల్ దగ్గరికి చేరాం. ‘సలోయి’ అని పెద్ద అక్షరాలతో రాసిన చార్టు చుట్టగా నా చేతిలో ఉంది. టేపు ఇంకో చేతిలో. అతికించలేదు. మేడం ముఖ్య అతిథుల హడావిడిలో ఉన్నారు, స్వీటే అనుకుని మా వైపు చూడలేదు. ఇప్పుడు అతికిద్దాం, ఇంకాసేపాగి అతికిద్దాం అనుకుంటూ గంట గడిపాను. ఇన్ని రోజులు డైరీలో ఎగిరినదాన్ని, చార్టు విప్పడానికి చేతులు రాలేదు. బా చూస్తూనే ఉన్నాడు.

పదకొండుకు చంద్రమౌళి సారు వచ్చాడు. పక్కన భార్య మనోరమమ్మ, వెనక మేడం, ఆ వెనక ఓ ముప్పై మంది పేరెంట్స్. గిన్నె మూత తీసి ఉంది. వాసన వరండా అంతా నిండింది. ఏందమ్మా ఇది, ఇంత నల్లగున్నది అన్నాడు సారు. ఆయనకు తెలుసు. ఆ వాసన తెలియని ముక్కు కాదు అది.

చేతిలోని చార్టును ఇంకా గట్టిగా చుట్టాను. 

బా ముందుకొచ్చాడు. రెండు చేతులూ జోడించాడు. వంకాయ కూర సార్ అన్నాడు.

ఆరేళ్లు. నా అబద్ధాన్ని ఆరేళ్లు దాచి పెట్టుకున్నాడు, ఎప్పుడైనా నాకు అవసరం పడుతుందని. తాను వండిన వంటకు, తన చేతి వంటకు, నా నౌకరి కోసం ఇంకో పేరు చెప్పాడు. ఆ జోడించిన చేతులు చూస్తే నా మీద నాకే అసహ్యం పుట్టింది.

బా చేతులు పట్టుకుని కిందికి దించాను. కాదు సార్, ఇది సలోయి అన్నాను. గొంతు నాదేనా అనిపించేంత పెద్దగా వచ్చింది. మేక రక్తంతో మా బా వండాడు అన్నాను. పొద్దున సంజీవన్న షాపులో మీ డబ్బా నిండాకే నా గిన్నె నిండింది సార్, మీ ఇంట్లో దీన్ని నల్ల అంటారు, మా ఇంట్లో సలోయి అంటాం, గలీజైతే రెండూ గలీజే అన్నాను.

 సారు ముఖం నేను చూడలేదు, చూసే ధైర్యం అక్కడికే అయిపోయింది. ముందు నవ్వింది మనోరమమ్మ. కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత ప్లేటు చేతిలోకి తీసుకుని, మాది గడ్డలు గడ్డలైతది, నీది ఇంత మెత్తగ ఎట్లొచ్చిందన్నా అని బాను అడిగింది.

అప్పుడు చూడాలి బాను. ఉప్పు ఎప్పుడు వేయాలో, ఎంతసేపు కలపాలో, చేతులు తిప్పుతూ చెప్పాడు. ఎవరికీ దండం పెట్టలేదు.

అందరూ తిన్నారని రాస్తే మూడో అబద్ధమవుతుంది. సగం మంది ముక్కు మూసుకుని పక్క స్టాల్‌కు పోయారు. సారు తినలేదు. మేడం తర్వాత మా వైపు రాలేదు. కానీ రెండింటికల్లా గిన్నె అడుగు కనబడింది. చార్టు బా అతికించాడు. చదువు రాదు కదా, తలకిందులుగా అతికించాడు. నేను సరిచేయలేదు.

డిసెంబర్ 1. సోమవారం

మెమో ఇచ్చారు. అనుమతి లేని పదార్థాన్ని ప్రదర్శించినందుకు, మేనేజ్‌మెంట్‌తో అమర్యాదగా మాట్లాడినందుకు మూడు రోజుల్లో రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలట. ఫోన్ చేసి బాకు చెప్పాను.  నీకు వండుడు నేర్పుతా, రాసుకో అన్నాడు.

డిసెంబర్ 3. బుధవారం

సంజాయిషీ ఇచ్చాను. కాపీ ఇది.

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి,

రక్తం పచ్చిగా ఉన్నప్పుడే పట్టాలి. గిన్నెలో ముందే పిడికెడు ఉప్పు వేయాలి. గడ్డ కట్టకుండా కలుపుతూనే ఉండాలి. కార్జం, బోటి, కొవ్వు ఉడికించి సన్నగా తరగాలి. ఉల్లిగడ్డ ఎంత వేసినా తక్కువే. కారం, ఎల్లిపాయ వేసి వేగనివ్వాలి. రక్తం చివర్లో పోయాలి. ఎరుపు నలుపయ్యేదాకా గంటె ఆపకూడదు.

వంకాయ వేయరాదు.

ఇట్లు,
శిరీష, కిషన్ బిడ్డ.