తెర వెనక కొత్తమ్మాయి

చిట్టితల్లికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ, నా మోకాళ్ళూ, మా నాటకశాల గుడ్డ చంద్రుడూ అందరం క్షేమం. అక్కడ నువ్వూ, అల్లుడుగారూ, బుజ్జిదీ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

"ఈ వయసులో ఇంటర్నేమిటమ్మా, అసలేం చేయిస్తున్నారు నీచేత?" అని అడిగావు. పని నేర్చుకునే ఇంటర్నుని కదా, ఏదంటే అది. కుర్చీలు జరుపుతాను, ఊడిన గుండీలు కుడతాను, వేషం మార్చుకునేవాళ్ళ కోసం చీకట్లో బట్టలు పట్టుకుని నిలబడతాను. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, నీకంటే చిన్నదైన స్టేజీ మేనేజరు "ఉష్" అంటే నోరు మూసుకుంటున్నాను. మీ నాన్నే ఉండుంటే ఈ వింత చూడ్డానికి టిక్కెట్టు కొనుక్కుని మరీ వచ్చేవారు. అందరూ నన్ను కొత్తమ్మాయి అంటారు. సిగ్గుపడాల్సింది పోయి మురిసిపోతున్నాను.

తెర వెనక మేలుకుని కల కంటున్నట్టు ఉంటుందే. ఆకాశాన్ని చాపలా చుట్టి తాళ్ళకు కట్టేస్తారు. స్టేజీ మీద నటులు మెట్లెక్కి వెళ్తే పైన మేడ ఉండదు, వెనక నిచ్చెన దిగి మళ్ళీ నా దగ్గరికే రావాలి. గుడ్డ చంద్రుడి వెనక బల్బు వెలిగిందంటే మా నల్ల గోడల మీదికీ కాస్త వెన్నెల జారుతుంది. దాని కింద కూర్చుని గుండీలు కుడుతుంటే ఏ ఊళ్ళో ఉన్నానో గుర్తుండదు. ఇంటికొచ్చి వంటగది తలుపు తీస్తే అవతల సముద్రం ఉంటుందేమో అనిపిస్తుంది.

మొన్నొక ఘనకార్యం చేశాను, నవ్వకు. కథానాయిక వేషం వేసే పిల్ల, తగలబడుతున్న ఇంట్లోంచి బయటపడ్డట్టు మొహం నిండా మసితో స్టేజీ మీదికి వెళ్ళాలి. మేకప్పాయన శ్రద్ధగా మసి పూసి నా దగ్గరికి పంపాడు. చిరిగిన కోటు తొడగడం వరకే నా పని. ఆ మసక వెలుతురులో పిల్ల మొహం చూసేసరికి ఒళ్ళు మరిచిపోయాను. "అయ్యో, ఇలా రా తల్లీ" అంటూ చేతిరుమాలు తడిపి శుభ్రంగా తుడిచి పంపేశాను. నిప్పుల్లోంచి రావాల్సిన పిల్ల అప్పుడే స్నానం చేసొచ్చినట్టు మెరిసిపోయింది. జనం ఘొల్లుమన్నారు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

నాటకం అయ్యాక స్టేజీ మేనేజరు పిలిచింది. ఇంటికి పంపేస్తుందనే అనుకున్నాను. "అమ్మా, ఇక్కడ మసి కూడా మన సామానే. తుడవకూడదు" అంది. ఆ వెంటనే, "కోటు తొడిగేటప్పుడు మీ చెయ్యి వణకదట. ఆ పిల్ల మీరే కావాలంటోంది. వచ్చే నాటకానికీ ఉంటారా? ఇంటర్నుగా కాదు, ఉద్యోగానికి" అంది.

అసలు మాట ఇది. ఇంతసేపూ తిప్పి తిప్పి రాసింది ఇది చెప్పలేకే. ఈ నాటకం అయిపోగానే మీ దగ్గరికొచ్చి ఉండిపోతానని మాటిచ్చాను. నాకోసం గది సర్దానని, కిటికీకి పరదాలు కూడా కుట్టానని రాశావు. అది చదివాక కూడా, నీతో ఒక్క మాటైనా చెప్పకుండా, ఉంటానని ఒప్పేసుకున్నాను. సెలవులకు వస్తాను, ఆ గదిలోనే బుజ్జిదాన్ని పక్కలో వేసుకుని పడుకుంటాను. ఉండిపోవడానికి మాత్రం రాను. మీమీద ప్రేమ తక్కువై కాదే. నాకిక్కడ చాలా బాగుంది, అంతే. నువ్వు నొచ్చుకుంటావని మాత్రం భయంగా ఉంది.

నువ్వు మొదటిసారి ఉద్యోగానికి ఊరు వెళ్ళిన రోజు నవ్వుతూ గుమ్మంలో నిలబడ్డాను. నువ్వు వీధి మలుపు తిరిగాకే ఏడ్చాను, నీకెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు నీ వంతు. నవ్వుతూ పంపించు తల్లీ. ఏడుపొస్తే, నేను మలుపు తిరిగేదాకా ఆగు.

ఇట్లు,
ఉద్యోగం దొరికిన మీ అమ్మ