కత్తిరించిన కుడివైపు

అన్నయ్యకు,

ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. అక్కడ వదిన పుట్టింట్లో నువ్వూ బాగానే ఉన్నావని, వేళకు తింటున్నావని, మధ్యాహ్నం ఓ కునుకు కూడా తీస్తున్నావని వదిన ఫోన్లో చెప్పింది. విని సంతోషించానని రాయాలి. చెయ్యి రావడం లేదు.

ఫోన్లో ఏమీ మాట్లాడొద్దు, ఎవరైనా వింటారు, ఉత్తరం రాయి అన్నావు. సరే, రాస్తున్నాను. నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు చెబుతాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గలేదు. డాక్టరు మందు మార్చాడు. మెట్లు దిగేటప్పుడు నా భుజం పట్టుకుంటోంది. నీ గురించి అడుగుతోందా అన్నావు. అడగడం లేదు. పొద్దున్నే పేపరు రాగానే నాకన్నా ముందు తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని, మీ కుట్టు ఫ్యాక్టరీ వార్త ఏ పేజీలో ఉందో వెతుక్కుంటోంది. అంతే.

"అంతమంది ఫోటోగ్రాఫర్లుండగా నువ్వే ఎందుకెళ్లావు?" అన్నావు. అది నా ఉద్యోగం కాబట్టి. పద్నాలుగేళ్లుగా వరదకీ, ఊరేగింపుకీ, కూలిన గోడకీ ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్తున్నాను. మంచి కోణం కోసం ఎక్కడపడితే అక్కడ ఎక్కేస్తానని ఆఫీసులో నన్ను 'నిచ్చెన' అంటారు. నీ కూతురి పుట్టినరోజుకి వంటింటి గట్టెక్కి ఫోటోలు తీస్తే కడుపుబ్బ నవ్వావు. అప్పుడు నా పని ముద్దొచ్చింది. ఇప్పుడేమో "శవాల మీద బతికే ఉద్యోగం" అని రాశావు. తొమ్మిదిమంది ఆడవాళ్లు పోయారు అన్నయ్యా. ఆ మాట రాసేటప్పుడు నీ కలం కాస్తయినా తడబడలేదా?

ఆ రోజు ఉదయం పదిన్నరకి మా పేపరు ఆఫీసు డెస్కు నుంచి ఫోనొచ్చింది. "నిచ్చెనా, కుట్టు ఫ్యాక్టరీ తగలబడుతోందట, పరుగెత్తు" అన్నారు. అక్కడ మేనేజరు మా అన్నయ్యేనని వాళ్లకి తెలియదు. బయల్దేరే ముందు నీకు మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ నువ్వు వేరే కాల్లో ఉన్నావు.

మీ వెనకవీధిలో అట్టపెట్టెల గోదాము ఉంది కదా, దాని పైకెక్కాను. అక్కణ్నించి మీ వెనక మెట్లు, రెండో అంతస్తు తలుపు, దానికి వేసిన గొలుసు, తాళం, అన్నీ కనిపించాయి. పనివేళల్లో ఎవరూ దిగిపోకుండా ఆ తలుపుకు తాళం వేయిస్తున్నానని ఒకసారి నువ్వే గొప్పగా చెప్పావు. లోపలి నుంచి బాదుతున్నారు. ఆ చప్పుడు వీధి దాటి నా దాకా వచ్చింది.

మర్నాడు మొదటి పేజీలో అక్కణ్నించి నేను తీసిన ఫోటోనే వేశారు. తలుపు, గొలుసు, సందుల్లోంచి పొగ. అది చూసే కదా నాకు ఉత్తరం రాశావు. "విచారణలో అడిగితే ఎప్పుడు తీశావో గుర్తులేదని చెప్పు. మంటలారాక పోలీసులే గొలుసు వేసుంటారని చెప్పు. అమ్మ మీద ఒట్టు." అమ్మ మీదెందుకు? ఒట్టు పెట్టడానికి నీ కూతురు గుర్తుకు రాలేదా?

ఈలోగా మీ వాచ్‌మన్‌ని పోలీసులు పట్టుకెళ్లారు. తాళాలు అతని దగ్గరే ఉన్నాయనీ, భయపడి పారిపోయాడనీ మీ యజమాని రాసిచ్చాడు. కింద నువ్వు సంతకం పెట్టావు. మొన్న అతని భార్య మా ఆఫీసుకొచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అమ్మా, ఆ రోజు మీరు చాలా ఫోటోలు తీశారంట కదా. ఒక్కదాంట్లోనన్నా మా ఆయన కనపడ్డాడేమో చూడండి. ముందు గేటు దగ్గర జనాన్ని బయటికి లాగుతున్నాడు. చొక్కా చెయ్యి కాలిపోయింది కూడా."

"లేదమ్మా, నేను వెనకవైపున్నాను."

"వెనకవైపు ఎవరూ లేరా మరి?"

"లేరు" అన్నాను.

ఆమె నా మొహంలోకి కాసేపు చూసి, "సరేనమ్మా, మీ పని చూసుకోండి" అని వెళ్లిపోయింది.

ఇంతదాకా నిన్ను దులిపేశాను. ఇక నా సంగతి విను. పేపర్లో వచ్చింది పూర్తి ఫోటో కాదు. ఆఫీసుకు పంపే ముందే, ఆ గోదాము మెట్ల మీద కూర్చుని, కుడివైపు మూడోవంతు నేనే కత్తిరించేశాను. అందులో నువ్వున్నావు.

నువ్వున్న ఫోటోలు మొత్తం నాలుగు. పదీ యాభై రెండుకి తలుపుకి రెండడుగుల దూరంలో నిలబడ్డావు, చేతిలో తాళాలగుత్తి. తర్వాతదాంట్లో ఫోను చెవి దగ్గర పెట్టుకున్నావు. మూడోదాంట్లో తలుపుకేసి చూస్తున్నావు. నాలుగోదాంట్లో మెట్లు దిగిపోతున్నావు. తాళాలు ఇంకా నీ చేతిలోనే ఉన్నాయి. ఫైరింజన్ వాళ్లొచ్చి గొలుసు తెంచేసరికి పదకొండూ పది.

లెన్సులో నిన్ను చూడగానే ముందు నాకు ప్రాణం లేచొచ్చింది. బతికే ఉన్నాడు అనుకున్నాను. ఇప్పుడు తీస్తాడు, ఇదిగో తీస్తాడు అనుకుంటూ నొక్కుతూనే ఉన్నాను. తలుపు తీస్తున్న మా అన్నయ్య ఫోటో రేపు మొదటి పేజీలో ఉంటుందని గర్వపడ్డాను కూడా. ఆ ఆశలో పడి ఒక్క కేక వేయలేదు. వేస్తే నీకు వినిపించేది. చెల్లెలు చూస్తోందని తెలిస్తే తీసేవాడివేమో. దీని గురించి నన్నెవరూ అడగరు. అందుకే నేనే రాస్తున్నాను.

నిన్న ఆ నాలుగూ అమ్మకు చూపించాను.

"వాడి చేతిలో ఏంటే అది?"

"తాళాలమ్మా."

"దేని తాళాలు?"

నేను తలుపు మీది గొలుసును వేలితో చూపించాను. అమ్మ చాలాసేపు చూసింది. "ఎవరికి చూపించాలో వాళ్లకి చూపించు. నాకు మాత్రం మళ్లీ చూపించకు" అని గదిలోకి వెళ్లి గోడవైపు తిరిగి పడుకుంది.

ఈ ఉదయం విచారణాధికారికి ఫోటోలన్నీ ఇచ్చాను, కెమెరా కార్డుతో సహా. కత్తిరించింది నేనేనని కూడా రాసిచ్చాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో సాయంత్రం ఎడిటర్ చెబుతారు. అధికారి ఒక ఫోటో దగ్గరగా పట్టుకుని, "ఈ మనిషెవరో తెలుసా మీకు?" అన్నాడు.

"మా అన్నయ్య."

ఆయన పెన్ను ఆపాడు. "ఇంకోసారి ఆలోచించుకుంటారా?"

"పదకొండు రోజులు ఆలోచించానండీ. రాసుకోండి" అన్నాను. నీ పూర్తి పేరు చెప్పాను. వదిన పుట్టింటి చిరునామా కూడా చెప్పాను.

ఈ ఉత్తరం అందేసరికి వాళ్లు నీ దగ్గరికొచ్చే ఉంటారు. ఇంకా రాకపోతే వాళ్లకన్నా ముందు నువ్వే బయల్దేరు. ఆ మెట్ల మీద నిలబడి ఎవరికి ఫోన్ చేశావో, అవతలివాడు ఏం చెబితే దిగిపోయావో నీ నోటితో చెప్పు. అది నా కెమెరాకు అందలేదు.

ఇక ఉంటాను. వాచ్‌మన్ ఇంటికి వెళ్లాలి. వెనకవైపు ఒకరున్నారని ఆవిడకి చెప్పాలి.

ఇట్లు,
తోడబుట్టిన పాపానికి
నీ చెల్లెలు